తీసేసింది ఒక ట్యూబే

మా పల్లెలో ఒక చెల్లెలికి గర్భం ట్యూబులో పడింది. "కడుపునొప్పేగా, మిరపకోతకు రా" అన్నాడు ముఠా మేస్త్రీ. మూడోరోజు చేలోనే పడిపోయింది. ట్యూబు పగిలి కడుపు నిండా రక్తం. ట్యూబు తీసేసి ప్రాణం నిలబెట్టారు. ఇంటికొచ్చిన వారానికే అత్త "గొడ్రాలు" అంది. మొగుడికి రెండో సంబంధం మాటలు మొదలయ్యాయి.

ఎవరు చెప్పారమ్మా గొడ్రాలని?

2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. 446 మంది ఆడవాళ్లు, అందరికీ రెండో ట్యూబు బాగానే ఉంది. కొందరికి ట్యూబు ఉంచి గర్భం మాత్రమే తీశారు, కొందరికి ట్యూబే తీసేశారు. మూడేళ్లలో సహజంగా మళ్లీ గర్భం నిలిచింది మొదటివాళ్లలో 60.7 శాతానికి, రెండోవాళ్లలో 56.2 శాతానికి. గణాంకాల ప్రకారం అది తేడా కిందికే రాదు. రెండో ట్యూబు దెబ్బతిన్నప్పుడే ఉన్నదాన్ని కాపాడాలా అన్నది పెద్ద ప్రశ్న.

పగలకముందే చేరితే కొందరికి మెథోట్రెక్సేట్ సూది చాలు. కొందరికి ట్యూబు మిగులుతుంది. పగిలాక చేరితే సాధారణంగా తీసేయడమే. అంటే ఎంపిక అనేది స్కానింగ్ దాకా వెళ్లగలిగిన వాళ్లది. మావాళ్లకు మిగిలేది కాగితం మీద వేలిముద్ర. ఆలస్యం చేసింది కూలి, నింద మోసేది కడుపు!

క్లాసులో పలనాటి కథ చెబుతూ కన్నమదాసు గురించీ చాపకూడు గురించీ గర్వంగా మాట్లాడతాను. ఒకే చాప మీద కూడు పెట్టామనుకునే నేల, వేళకు ఒక స్కానింగ్ పెట్టలేదా? డాక్టర్లకు ఒకటే మాట: రెండో ట్యూబు ఎలా ఉందో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయండి. అత్తకు చదివి వినిపించే పని మాది.