చట్టం ఆపని చోట రిఫర్ చీటీ ఎందుకు?

రాష్ట్ర వైద్యారోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గారికి,

జనగామ జిల్లా దేవరుప్పుల నుంచి రాస్తున్నాను. గర్భిణికి ప్రాణం మీదికొస్తే మా దారి తెలిసిందే: పీహెచ్‌సీ, జనగామ చంపక్‌హిల్స్ మాతా శిశు ఆసుపత్రి, అక్కడా కాకుంటే హనుమకొండ, వరంగల్. రక్తం, ఆపరేషన్ కావాల్సినప్పుడు పైకి పంపక తప్పదు. దాన్ని తప్పుపట్టను. నా బాధంతా కేసు భయంతో డాక్టర్లు రాసే రిఫర్ చీటీల గురించే.

ఐదో నెలలో ఉమ్మనీరు పోయి చలిజ్వరం పట్టిందనుకుందాం. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది. గర్భం తీస్తే తప్ప తల్లి దక్కదు. ‘అబార్షన్ కేసు మాకెందుకు, వరంగల్ తీస్కపోండి’ అనేస్తే ఆమె గతేంటి? కర్ణాటకలోని బెళగావి ఆడబిడ్డ సవితా హలప్పనవర్ ఐర్లండ్‌లో ఇలాగే, గర్భం తీయమని అడిగినా తీయకపోవడంతో, 2012 అక్టోబర్ 28న సెప్సిస్‌తో చనిపోయింది. ఆ దేశపు జనం 2018లో ఓటేసి, గర్భం తీయడానికి అడ్డుపడ్డ రాజ్యాంగాన్నే మార్చుకున్నారు.

మనకు ఆ అవసరం లేదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి (ఎంటీపీ) చట్టం 5వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం నిలవాలంటే వెంటనే గర్భం తీయాల్సిందేనని డాక్టర్ సదుద్దేశంతో నమ్మితే వారాల లెక్క అడ్డురాదు. రెండో డాక్టర్ అభిప్రాయం అక్కర్లేదు. గుర్తింపు ఉన్న ఆసుపత్రే కావాలనీ లేదు. భర్త సంతకం అసలే అడగదు. మేజరైన స్త్రీ సమ్మతి చాలు. సదుద్దేశంతో చేసిన డాక్టర్‌కు 8వ సెక్షన్ రక్షణ ఉంది. అత్యవసర చికిత్సకు పోలీసు తతంగం అడ్డు కారాదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

మరి భయం దేనికి? లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టాన్నీ ఎంటీపీ చట్టాన్నీ ఒకే గాటన కట్టడం వల్ల. ఆడపిండాల్ని చంపేవాళ్లపై అధికారుల దాడులు జరగాల్సిందే. ఆ దాడుల భయానికి తల్లి బలి కాకూడదు.

మీరు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. 5, 8 సెక్షన్ల సారాన్ని తెలుగులో ఒక్క పేజీగా, శాఖ ఉత్తర్వుగా ప్రతి పీహెచ్‌సీకీ, ప్రైవేటు నర్సింగ్ హోముకూ పంపండి. పైకి పంపక తప్పని గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చాకే 108 అంబులెన్స్ కదిలేలా చూడండి. పంపే డాక్టర్ అవతలి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. రిఫర్ చీటీలో వైద్య కారణం, సమయం తప్పనిసరిగా రాయించండి. కారణం రాసే ఆ గడిలో ‘కేసు భయం’ అని ఏ డాక్టరూ రాయలేరు.

ఇట్లు,
దేవరుప్పుల మండల వాసి