మూడూ ఇస్పేట్లే పడితే పెద్ద పందెం ఎందుకు?

హోల్డెమ్ ఆడే మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందికి ఒక జబ్బుంది. ఫ్లాప్‌లో మూడు ముక్కలూ ఒకే సూట్‌వి పడ్డాయా, చేతిలో కాస్త పెద్ద జోడీ ఉందా.. వెంటనే పాట్ ఎంతుందో అంత పందెం కాసేస్తారు. ఎందుకయ్యా అంటే "నాలుగో ఇస్పేటు పడకముందే వాణ్ణి తరిమెయ్యాలి" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ లెక్కకి నిలబడదు.

మీ చేతిలో ఎర్ర రాజులు రెండూ ఉన్నాయనుకోండి. కింద ఇస్పేటు రాణి, ఎనిమిది, మూడు. పాట్‌లో 900 చిప్స్. ఎదుట ఒక్కడే. అతని దగ్గర ఏ రెండు ముక్కలైనా ఉండొచ్చనుకుంటే, రెండూ ఇస్పేట్లయ్యే అవకాశం 4 శాతం. ఒక్కటే ఇస్పేటు అయ్యేది 34 శాతం. ఒక్కటీ లేకపోయేది 62 శాతం. (చెత్త ముక్కలతో ఫ్లాప్ దాకా ఎవరూ రారు కాబట్టి నిజం ఆటలో అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.)

ఇప్పుడు మీరు 900 కాశారు. పారిపోయేదెవరు? ఇస్పేటు లేనివాడు, అంటే చాలావరకు మీ చేతిలో ఎలాగూ ఓడిపోతున్నవాడు! ఉండిపోయేదెవరు? ఫ్లష్ వచ్చేసినవాడు, ఇస్పేటు ఆసు పట్టుకున్నవాడు. ఆ ఆసుగాడికి మిగిలిన రెండు ముక్కల్లో ఇంకో ఇస్పేటు పడే అవకాశం 35 శాతం. అతను 900 పెడితే పాట్ 2700 అవుతుంది, అంటే అతనికి కావలసింది 33 శాతమే. చిప్స్ అక్కడితో అయిపోతే కాల్ చెయ్యడమే అతనికి లాభం. పైగా వేరే ఆసు పడినా మీ రాజులకి దెబ్బే. ఎవణ్ణి తరమాలనుకున్నామో వాడు కదలడు, డబ్బులిచ్చేవాడు లేచిపోతాడు. ఇదేం రక్షణ?

అదే 300 కాసి చూడండి. ఎర్ర రాణి ఉన్నవాడు కాల్ చేస్తాడు, చిన్న ఇస్పేటు ఉన్నవాడూ చేస్తాడు. ఏమీ లేనివాడు మూడు ఇస్పేట్లని చూసి ఎలాగూ భయపడే ఉన్నాడు, వాడికి 300 చాలు. ఒకవేళ ఫ్లష్ ఎదురైతే మీకు పోయేదీ తక్కువే. బ్లఫ్‌కైనా ఇంతే. 900 కాస్తే నాలుగింట రెండుసార్లు అవతలివాడు వదిలేయాలి, 300 కాస్తే ఒక్కసారి వదిలేసినా గిట్టుబాటే. 2015లో పయోసాల్వర్ వచ్చాక ప్రొఫెషనల్స్ ఇలాంటి బోర్డుల మీద పాట్‌లో మూడోవంతు పందేలకి అలవాటు పడింది ఊరికే కాదు.

అన్ని వేళలా చిన్న పందెమే అనను. ముగ్గురు నలుగురు మిగిలి ఉంటే చాలాసార్లు చెక్ చెయ్యడమే మేలు. అమెరికాలో శుక్రవారం రాత్రి ఆటల్లో లాగా అవతలివాడు దేనికైనా కాల్ కొట్టే రకమైతే, మీకు పెద్ద ఫ్లష్ ఉన్నప్పుడు మొహమాటం లేకుండా పెద్దదే కాయండి. బ్లఫ్ మాత్రం మానెయ్యండి.

అన్నట్టు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో, పార్లమెంటు 2025లో నిషేధించాయి. ఇండియాలో ఉన్నవాళ్ళు ఈ లెక్కల్ని ఉత్తుత్తి చిప్స్ మీదే పరీక్షించుకోండి.

నే చెప్పేది ఒకటే. పందెం కాసేముందు "నాకెంత భయంగా ఉంది" అని కాదు, "ఇంత కాస్తే ఎవడుంటాడు, ఎవడు పోతాడు" అని అడగండి. రోజంతా ఇఫ్‌లూ ఎల్స్‌లూ రాసేవాళ్ళం, ఆ మాత్రం రెండు కేసులు చూసుకోలేమా?