కొల్లేరు మనకు విహారం... మరి వాళ్లకు?

పోయిన కార్తీకంలో మా వన్‌టౌన్‌ వీధి ఆడవాళ్లం ఓ ఇరవై మందిమి చందాలు వేసుకుని వ్యాను మాట్లాడుకున్నాం. ఏటా పున్నమి ఘాట్‌లో పడవెక్కి భవానీ ద్వీపానికే వెళ్తున్నాం, ఈసారైనా కొత్త చోటు చూపించండని పిల్లలు గోల పెట్టారు. సరే, కొల్లేరు పోదామనుకున్నాం. తెల్లారగట్లే లేచి పులిహోర, దద్దోజనం కలుపుకుని, క్యారియర్లు సర్దుకుని, ఉసిరి కొమ్మ సంగతి కూడా మర్చిపోకుండా బయల్దేరాం. గుడివాడ దాటి కైకలూరు. అక్కడికి కూతవేటు దూరంలో ఆటపాక.

చూడాల్సిన చోటే. నీళ్ల మధ్య మట్టిదిబ్బలు, వాటి మీద ఇనుప స్టాండ్లు, ఆ స్టాండ్ల నిండా గూడబాతుల కాపురాలు. సంచిలాంటి ముక్కులోంచి పిల్లలకు చేపలు తినిపించే తల్లిపక్షిని చూసి మా పిన్నిగారు, "ఎక్కడైనా తల్లి బతుకు ఇంతేనే" అన్నారు. పడవెక్కాం, ఫొటోలు దిగాం. అక్కణ్ణుంచి కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి బయల్దేరాం. అసలు మాట ఆ దారిలోనే మొదలైంది.

ఆడవాళ్ల ప్రయాణాల్లో ఎప్పుడూ వచ్చే ఇబ్బందే వచ్చింది. పొద్దుట్నుంచీ ఉగ్గబట్టుకున్న వాళ్లం. మగవాళ్లకైతే గట్టు చాటు చాలు. ఓ లంక ఊరి దగ్గర వ్యాను ఆపించి, గట్టు మీద ఎండుచేపలు ఆరబోస్తున్న ఒకావిణ్ణి అడిగాం. నలభై దాటి ఉంటాయి. మా మొహాలు చూసి నవ్వి, "మా ఇంటికి రండమ్మా" అని తీసుకెళ్లింది. ఒక్కొక్కరం వెళ్లొచ్చాం. పిల్లలు మంచినీళ్లన్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, మూలనున్న కొనుక్కున్న నీళ్ల డబ్బా వంచి గ్లాసులు నింపింది. ఇరవై మందిమి తాగేసరికి డబ్బా సగానికి పైగా దిగిపోయింది. చుట్టూ కనుచూపు మేరా నీళ్లే. తాగడానికి మాత్రం కొనుక్కోవాలి.

"మా అమ్మ కాలంలో దోనె మీద పోయి బిందె ముంచుకొచ్చేదమ్మా. ఇప్పుడు ఆ నీళ్లు గొడ్డు కూడా ముట్టదు" అంది.

వచ్చేటప్పుడు ఏమైనా ఇవ్వబోతే తీసుకోలేదు. "చేపలు కొనుక్కోండి" అంది. మేం మొహాలు చూసుకున్నాం. కార్తీకమాసం కదా! ఆవిడకి అర్థమైంది. "అదేనమ్మా మా ఖర్మ. పిట్టలొచ్చేదీ, మీరొచ్చేదీ ఇప్పుడే. మీరు చేప తిననిదీ ఇప్పుడే" అని నవ్వేసింది. మేమూ నవ్వాం కానీ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో లెక్క చూసుకున్నాం. వ్యాను విజయవాడ వాళ్లది. టిఫిను గుడివాడలో చేశాం. అన్నం ఇంటినుంచి పట్టుకెళ్లాం. పడవ టిక్కెట్లు, గుడి దగ్గర కొబ్బరికాయలు సరే. ఇరవై మంది ఆడవాళ్లం రోజంతా కొల్లేట్లో తిరిగితే, ఆ లంక ఊళ్లో మేం ఖర్చుపెట్టింది ఒక్క రూపాయి లేదు. వాళ్ల నీళ్లు తాగాం, వాళ్ల మరుగుదొడ్డి వాడుకున్నాం, గట్టు మీద మా పిల్లలు పారేసిన చిప్స్ కవర్లు వాళ్లకి వదిలి వచ్చాం. దీన్నే మనం పర్యాటకం అంటున్నాం.

కొల్లేటి వాళ్లకి 'అభివృద్ధి' అనే మాట కొత్తది కాదు. ఇప్పటికి రెండుసార్లు వాళ్ల గుమ్మం తొక్కింది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం ఈ కొల్లేరు. మన రాష్ట్రంలో ఇంత పెద్ద మంచినీటి సరస్సు ఇంకోటి లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లు తెచ్చి పోసిన వరద నీటిని పట్టి ఉంచి, నిదానంగా ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపడం దాని పని. ఆ నీళ్ల మధ్య లంకల్లో తాటిదోనెలు, మావులు, వలలు పట్టుకుని వడ్డి కులస్తులు తరతరాలుగా బతికారు. మగవాడు చేప పడితే, దాన్ని గంపకెత్తి అమ్మి ఇంటికి బియ్యం తెచ్చేది ఆడది. అంటే ఇంటి ఖజానా ఆమె కొంగుముడిలో ఉండేది.

1976లో ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. పేదవాడికి ఆధరువు అన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ చెరువుకి పెట్టుబడి కావాలి, మేత కావాలి, పిల్ల కావాలి. డబ్బున్న వాళ్లు వచ్చి లీజు పేరుతో చెరువులు చేతిలోకి తీసుకున్నారు. కొర్రమీను, జెల్ల, మట్టగిడస తిరిగిన చోట బొచ్చె, శీలావతి పెంపకం మొదలైంది. ఆ చేప గంపకెక్కలేదు, ఐసు పెట్టెల్లో లారీకెక్కి కలకత్తా పోయింది. గంప పోయిన ఆడది గట్టు మీద కూలీ అయింది. మేం వెళ్లిన ఇంటావిణ్ణి అడిగాను, "సంఘంలో మీ పేరుందా?" అని. "మా ఆయన పేరుందమ్మా. నాకెందుకుంటది?" అంది. లీజు డబ్బు ఎవరి చేతికొచ్చి ఎటు పోయిందో వేరే చెప్పాలా?

తర్వాత 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్‌ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' వచ్చింది. పొక్లెయిన్లు, పేలుడు మందు పెట్టి చెరువు గట్లు తెంచారు. సరస్సు బతకాలంటే అది చెయ్యాల్సిన పనే కావచ్చు. నీటికి దారి లేకపోతే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. అయితే గట్లు తెగినప్పుడు లీజుదారుకి పెట్టుబడి పోయింది, కూలీ ఆడదానికి పూట గడవడం పోయింది. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని తీర్మానించింది. కాలక్రమాన చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. తవ్వినప్పుడు గానీ, తెంచినప్పుడు గానీ, లేపినప్పుడు గానీ, "అమ్మా, నీకేం కావాలి?" అని ఆ ఇల్లాలిని అడిగిన వాళ్లు ఎందరు?

ఉప్పుటేరు గురించి అక్కడో కథ చెప్పుకుంటారు. కొల్లేటికోటను గెలవడానికి శత్రువులు నీరు తోడెయ్యాలని కాలవ తవ్వారట. ఆ పోరులో జయం కోసం ఓ సేనాపతి కన్న కూతురినే బలిచ్చాడట. అందుకే ఆ కాలవకు పేరంటాల కనుమ అని పేరొచ్చిందంటారు. ఐతిహ్యమే కావచ్చు. కానీ నీటి కోసం ఏ యుద్ధం జరిగినా ముందు ఆడపిల్ల బలవుతుందని ఆ కథ కట్టినవాళ్లకు తెలిసినట్టే ఉంది.

ఇప్పుడు మూడోసారి పర్యాటకం రూపంలో అభివృద్ధి వస్తోంది. ఈసారి అది మన వ్యాన్లలో వస్తోంది. అందుకే మనం తప్పించుకోలేం.

పర్యాటకం వద్దని నా మాట కాదు. ఆ ఇల్లాలే వద్దనలేదు. "రావాలమ్మా, జనం వస్తేనే గదా ఊరు బాగుపడేది. వచ్చినోళ్లు మాకాడ ఏం కొనరే!" అంది. ఆవిడ అడిగింది దానం కాదు, బేరం. జనం వచ్చినప్పుడు ఎవరు బాగుపడాలన్నది ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో కేరళలో చూడండి. అక్కడి వెంబనాడు సరస్సు కూడా కొల్లేరుతో పాటు అదే 2002లో రామ్‌సర్‌ జాబితాలో చేరింది. దాని ఒడ్డున కుమరకోం ఒకప్పుడు చేపలు పట్టుకుని, పొలాలు చేసుకుని బతికిన ఊరు. ఇప్పుడు పెద్ద పెద్ద రిసార్టులు. మొదట్లో హోటళ్లకు కూరగాయలు సైతం బయటినుంచే వచ్చేవి, ఊరివాళ్లకు మిగిలింది తక్కువ. అసంతృప్తి పెరిగాక 2008లో అక్కడ 'బాధ్యతాయుత పర్యాటకం' అమలు మొదలుపెట్టారు. కుటుంబశ్రీ మహిళా సంఘాలు కూరగాయలు పండించి హోటళ్లకు అమ్మడం, ఆడవాళ్లు తాళ్లు పేనడం, చాపలల్లడం పర్యాటకులకు చూపించి సంపాదించుకోవడం వచ్చాయి. అన్ని సమస్యలూ తీరాయని కాదు. కనీసం ఆడవాళ్లు లెక్కలోకి వచ్చారు.

అదే సరస్సులో ఇంకో దీవి మీద నిబంధనలు తోసిరాజని 54 విల్లాలతో రిసార్టు కట్టారు. తమ వలలు పాతుకునే చోటు పోయిందని చేపలు పట్టేవాళ్లే కోర్టుకెక్కారు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూల్చెయ్యమంది, తర్వాత కూల్చేశారు కూడా. కోట్లు పోసి కట్టి, మళ్లీ ఖర్చుపెట్టి కూల్చే బదులు మొదటే ఆ వలవాళ్ల మాట వింటే పోయేది కదా!

ఇక మన ఊరి సంగతి. బుడమేరు పేరు వింటేనే ఇప్పుడు మనకు గుండె ఝల్లుమంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నిలువెత్తు నీళ్లొచ్చాయి. పిల్లల్ని చంకనేసుకుని మేడలెక్కి, పాల ప్యాకెట్ కోసం చేతులు చాచిన రోజులు మనలో చాలామంది మర్చిపోలేదు. ఆ బుడమేరు పోయి చేరేది కొల్లేటిలోనే. పల్లంలో నీటికి దారి ఇరుకైతే మెరకలో ఉన్నవాళ్లకూ సుఖం లేదు. అంతేకాదు, మన ఊరి మురుగు కూడా బుడమేట్లో కలిసి అక్కడికే పోతోంది. మనం గిన్నెలు తోమిన నీళ్లు, బట్టలుతికిన నురగ ఆవిడ ఇంటి ముందుకు చేరుతున్నాయి. "ఆ నీళ్లు గొడ్డు కూడా ముట్టదు" అన్న మాటలో మన వాటా ఉంది. పండగపూట వెళ్లి ఆ నీళ్ల మీదే విహరించి, అబ్బ, ఎంత బాగుందో అని వచ్చేస్తున్నాం.

విహారమంటే మరో మాట. 2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లూ మనలాగే సరదాగా బయల్దేరిన వాళ్లే. లైఫ్‌జాకెట్ లేకుండా పడవెక్కనని మొండికెయ్యడం ఆడవాళ్లం నేర్చుకోవాలి. చీర నలుగుతుందనో, ఫొటో బాగా రాదనో తీసెయ్యడం మానుకోవాలి. పడవ నడిపేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ప్రభుత్వం చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. రిసార్టు గదులకంటే ముందు లంక ఊళ్లకు మంచినీటి కుళాయి రావాలి. పర్యాటకులు ఆగే ప్రతి చోటా ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టి, దాని నిర్వహణ జీతమిచ్చి ఊరి మహిళా సంఘానికి అప్పగించాలి. తినుబండారాల దుకాణాలు వేలం పాడి బయటివాళ్లకిచ్చే బదులు డ్వాక్రా సంఘాలకివ్వాలి. కొల్లేటి చేపల పులుసు వండటం ఆ తల్లులకి ఎవరూ నేర్పనక్కర్లేదు. పడవలు లంక యువకులకివ్వాలి. ఏ పిట్ట ఎప్పుడొస్తుందో, ఎక్కడ గూడు కడుతుందో వాళ్లకంటే తెలిసినవాళ్లెవరు? ఇవన్నీ తేల్చే సమావేశంలో ఊరి ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చోవాలి, టీ అందించడానికి నిలబడటం కాదు.

మరి మనం చెయ్యాల్సినవి? పట్టుకెళ్లిన ప్లాస్టిక్ పట్టుకొచ్చేద్దాం. గూళ్ల దగ్గర పాటలు పెట్టి, కేకలేసి పక్షుల్ని బెదరగొట్టొద్దని పిల్లలకు ముందే చెబుదాం. లంక ఊళ్లలో నీళ్లకు పోయే ఆడవాళ్లనీ, వాకిట్లో తల దువ్వుకునే ఆడపిల్లల్నీ అడక్కుండా సెల్‌ఫోన్లలో ఫొటోలు తియ్యొద్దు. మన వాకిట్లో ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా? మన చందాలో కొంతైనా ఆ ఊళ్లో ఖర్చయ్యేలా చూద్దాం. ఎండుచేపలు బేరమాడినా, అది పది రూపాయల దగ్గర ఆపేద్దాం.

మొన్న మా వీధి ఆడవాళ్లం మళ్లీ కూర్చున్నాం. ఈసారి కార్తీకంలో వద్దనుకున్నాం. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు వెళ్తాం. పులిహోర కలపం, దద్దోజనం కట్టం. ఆవిడ ఫోను నంబరు మా పిన్నిగారు రాసుకుని ఉంచారు. ముందురోజు ఫోన్ చేసి ఇరవై మందికి భోజనం చెబుతాం, మాంసం ముట్టని వాళ్లకి పప్పు, కూర సహా. ధర ఆవిడే చెబుతుంది. రెండు డబ్బాల మంచినీళ్లు మాత్రం మేం పట్టుకెళ్తాం, బాకీ ఉన్నాం కదా.

మీరూ వెళ్లండి. కాకపోతే ఖాళీ క్యారియర్లతో వెళ్లండి.