వెండి మేలు మనకే, చేపకు కాదు

ఉగ్గుగిన్నె నాటి నుంచీ వెండి మీద మనకు నమ్మకం. నానో వెండి పూసిన సాక్సులు, చొక్కాలు అమ్మేవాళ్ళకు ఆ నమ్మకమే పెట్టుబడి. 'క్రిములు చస్తాయి, ఒంటికి హాని లేదు, ఉతికితే పోయే కాస్త వెండి నీళ్ళలో పలచబడిపోతుంది' అంటారు. ఆ చివరి మాట తప్పు.

ఒక సెంటీమీటరు వెండి ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్ల నుంచి 600 చదరపు మీటర్లకు, అంటే 700 గజాల స్థలమంతకు పెరుగుతుంది. వెండి అయాన్లు నీళ్ళలోకి వచ్చేది ఆ ఉపరితలం నుంచే. క్రిమిని చంపేవి అవే. మంచినీటి చేప మొప్పల్లో సోడియంను లోపలికి తీసుకునే ఎంజైమును అడ్డుకునేవీ అవే. ఒంట్లో ఉప్పు నిలవని చేప బతకదు. మందు మారలేదు, చచ్చే ప్రాణి మారింది.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో వెండి చాలావరకు సిల్వర్ సల్ఫైడుగా మారి విషం తగ్గుతుందన్నది నిజమే. కానీ శుద్ధి కేంద్రం ముఖమే చూడకుండా చెరువుల్లో కలిసే మురుగు మన పట్టణాల్లో ఎంత లేదు? ఆ మురుగుకు ఈ వాదన ఏం సమాధానం చెబుతుంది?

'ప్రయోగశాల గాజుతొట్టిలో మోతాదు పెంచితే ఏదైనా విషమే' అనేది మరో వాదన. దానికి జవాబు కెనడాలో ఉంది. ఒంటారియోలో పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సుల్లో ఒకటైన 222 నంబరు సరస్సులో 2014, 2015 సంవత్సరాల్లో నానో వెండి కలిపారు. నీటిలో దాని మోతాదు లీటరుకు కొద్ది మైక్రోగ్రాములే. అయినా చేపల కాలేయాల్లో వెండి పేరుకుంది. ఎల్లో పెర్చ్ చేపల తిండి తగ్గింది, సంఖ్యా తగ్గింది. అది గాజుతొట్టి కాదు, నిండు సరస్సు.

సముద్రం పెద్దది కదా అని ఊరట పడేందుకూ లేదు. ఉప్పునీటిలో నానో కణాలు ముద్దకట్టి అడుగుకు చేరతాయి. అక్కడ నీటిని వడగట్టి తినే ఆల్చిప్పల పొట్టలోకి వెళతాయి. వెండి ఒక్కటే కాదు, పగడాలకు హాని చేయవంటూ అమ్మే సన్‌స్క్రీన్లలోని జింక్ ఆక్సైడు సంగతీ చూడాలి. పైపూత లేని జింక్ ఆక్సైడు నానో కణాలు పగడాలను తెల్లబరుస్తాయని ప్రయోగాల్లో తేలింది.

సౌందర్య సాధనాల్లో నానో పదార్థం ఉంటే లేబుల్ మీద చెప్పి తీరాలన్న నియమాన్ని యూరోపియన్ యూనియన్ 2013 నుంచి అమలు చేస్తోంది. మన దగ్గర బట్టలకూ ఆ నియమం రావాలి. అదొక్కటే చాలదు. చర్మానికి హాని లేదన్న పరీక్షతో అమ్మకానికి అనుమతి ఇవ్వకూడదు. ఉతికిన నీళ్ళలో చేప బతుకుతుందని తయారీదారే ముందు రుజువు చేయాలి.