శాఖ తనది, గొంతు ఇంకొకరిది

మన మరిపెడా, పీవీ నరసింహారావు పుట్టిన లక్నెపల్లీ ఒకప్పుడు ఒకే వరంగల్ జిల్లాలోవి. ఇక్కడ పీవీ ప్రస్తావన వస్తే రెండు మాటలు తప్పవు: దేశాన్ని నిలబెట్టాడు, అయోధ్యలో మసీదును కాపాడలేకపోయాడు. ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటాం. నా లెక్కలో రెంటికీ మూలం ఒకే అలవాటు. నిర్ణయం తన మనసులో ఉంచుకుని, దాన్ని ఇంకొకరి చేత మోయించడం.

ఆ అలవాటు ముఖ్యమంత్రిగా తిన్న దెబ్బతోనే వచ్చిందనుకుంటాను. భూసంస్కరణలు నెత్తికెత్తుకుని, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ తీర్పును 1972లో బాహాటంగా సమర్థించారు. 1973 జనవరికల్లా కుర్చీ పోయింది. 1991 జూన్ 21న ప్రధాని అయ్యేనాటికి ఖజానాలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. ఆర్థిక శాఖను రాజకీయాల్లో లేని మన్మోహన్ సింగ్‌కిచ్చి, పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకున్నారు. జూలై 24న, బడ్జెట్‌కు కొన్ని గంటల ముందు, 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సులు ఎత్తేసే విధానాన్ని లోక్‌సభలో పెట్టింది మాత్రం సహాయ మంత్రి పి.జె. కురియన్. శాఖ పీవీది, గొంతు ఇంకొకరిది! విదేశాంగంలోనూ అదే తీరు. 1992 జనవరిలో యాసర్ అరాఫత్‌ను ఢిల్లీకి పిలిచి మాట్లాడాకే, అదే నెల 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించారు. 1994లో కశ్మీర్‌పై ఐక్యరాజ్యసమితి చర్చకు జెనీవా వెళ్లిన బృందానికి ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని నాయకుడిగా పంపారు.

పీవీ ఘనతేముంది, సంక్షోభమే అన్నీ చేయించిందనేవారున్నారు. అప్పు తెమ్మన్నది సంక్షోభమే, నిజం. ఆర్థిక మంత్రిగా ఎవరిని పెట్టాలో, ఇజ్రాయెల్‌తో ఏం చేయాలో అది చెప్పలేదు.

అయోధ్య దగ్గర ఈ తెలివి పనిచేయలేదు. మోయడానికి ఇంకో భుజం లేదు. కట్టడాన్ని కాపాడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది, ఎన్నికైన ప్రభుత్వాన్ని ముందే ఎలా రద్దు చేస్తారని పీవీ అభిమానులు అడుగుతారు. తేలికగా తోసేయదగ్గ ప్రశ్న కాదు. కానీ ఆ హామీ ఎంతవరకు నమ్మవచ్చో తూచాల్సింది ప్రధానే. పక్కనే ఫైజాబాద్‌లో కేంద్ర బలగాలు ఉండగానే 1992 డిసెంబరు 6న మసీదు కూలింది. ఆ రోజే రాష్ట్రపతి పాలన పెట్టగలిగారు, మరో పది రోజుల్లోపే ఇంకో మూడు రాష్ట్ర ప్రభుత్వాలను రద్దు చేయగలిగారు. చేతిలో అధికారం లేక ఆగలేదు. నమ్మి ఆగారు, ఆ నమ్మకానికి వెల ఆయన కట్టలేదు, దేశం కట్టింది.

పాత కథ ఇప్పుడెందుకంటారా? నిర్ణయం ఒకరిది, మోత ఇంకొకరిది అన్న తీరు పోలేదు కనుక. అమెరికా సుంకాల గొడవ నడుస్తుండగా 2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరుకు పొడిగించారు. మన దగ్గర పత్తి ఇంటికొచ్చే నెలలవే. మిల్లులకు దూది చవకవ్వాలన్న వాదనకు బలముంది. అయినా బయటి దేశంతో లెక్క తేల్చుకోవడానికి ఢిల్లీలో పెట్టిన సంతకం మరిపెడ చేలో పండిన పత్తి ధరను తాకుతుంది. ఆ నిర్ణయం ఎవరిది, ముందు ఏ రైతును అడిగారని మహబూబాబాద్ ఎంపీని ఈసారి ఊరికొచ్చినప్పుడు అడగండి.