గాటు చిన్నదే, ఆపరేషన్ చిన్నది కాదు

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారం తిరక్కముందే వాళ్లలో నలుగురు కన్నుమూశారు. మిగిలిన ముప్పై మందిని హడావుడిగా హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ఈ మరణాలకు ఇన్ఫెక్షనే కారణమని అధికారులు తేల్చారు. ఆ రోజు చేసిన ఆపరేషన్ డీపీఎల్. పొట్టకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా గొట్టం, రెండోదాంట్లోంచి పరికరం పంపి, ఫెలోపియన్ ట్యూబులకు రింగులు వేసే ల్యాప్రోస్కోపిక్ పద్ధతి అది. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చన్న మాట మీదే ఆడవాళ్లను దీనికి ఒప్పిస్తారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట వెనకాల ఒక నమ్మకం పాతుకుపోయింది. గాటు చిన్నది కాబట్టి ఆపరేషనే చిన్నదని ప్రభుత్వాలు అనుకుంటున్నాయి, ఆసుపత్రులు అలాగే చెబుతున్నాయి, మనమూ నమ్ముతున్నాం. ఈ నమ్మకం ప్రాణాలు తీస్తోంది.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. బొడ్డు దగ్గర సెంటీమీటరు గాటు పెట్టి అందులోంచి వెరెస్ సూది దించుతారు. దాని లోపల స్ప్రింగు మీద ఒక మొద్దు మొన ఉంటుంది. గట్టి పొరను చీల్చేటప్పుడు అది వెనక్కి తగ్గుతుంది, ఖాళీ తగలగానే ముందుకు వచ్చి పేగులకు సూది గుచ్చుకోకుండా అడ్డుపడుతుంది. సర్జన్ ఆ పొరలు తెగడాన్ని కళ్లతో చూడడు, వేళ్లతో పోల్చుకుంటాడు. తర్వాత ఆ సూదిలోంచి కార్బన్ డయాక్సైడ్ పంపి పొట్టను ఉబ్బిస్తారు. పీడనం పాదరసం కొలతలో 12 నుంచి 15 మిల్లీమీటర్లకు మించకుండా యంత్రం కాపలా కాస్తుంది. మామూలు గాలి కాకుండా ఈ వాయువునే వాడటానికి కారణముంది. కరెంటుతో కణజాలాన్ని మాడ్చేటప్పుడు ఇది అంటుకోదు. పొరపాటున రక్తంలో కలిసినా త్వరగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. గాలిలోని నత్రజని అలా కరగదు, బుడగలై గుండెకు అడ్డం పడగలదు. ఇదంతా సాగుతున్నంతసేపూ ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను పైకి నెడుతూనే ఉంటుంది కాబట్టి మత్తు డాక్టరు కన్ను మానిటర్ మీద నుంచి కదలకూడదు. బక్కపలచని మనిషిలో బొడ్డుకు అడుగున కొన్ని సెంటీమీటర్ల లోతులోనే శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళం ఉంటుంది. ల్యాప్రోస్కోపీలో జరిగే పెద్ద గాయాల్లో దాదాపు సగం అసలు ఆపరేషన్ మొదలుకాకముందే, పొట్టలోకి దిగే ఆ తొలి నిమిషాల్లోనే జరుగుతాయి.

ఇంత చెప్పానని ఈ విద్యను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. వైద్యంలో గత యాభై ఏళ్లలో వచ్చిన గొప్ప మేళ్లలో ఇదొకటి. 1910లో స్వీడన్ వైద్యుడు యాకోబేయస్ గొట్టంతో మనిషి పొట్టలోకి తొంగిచూసినా, అది ఆపరేషన్ గదిలో స్థిరపడటానికి ఏడు దశాబ్దాలు పట్టింది. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ జెమ్ అనే స్త్రీవైద్య నిపుణుడు ఈ పద్ధతిలో అపెండిక్స్ తీస్తే తోటి సర్జన్లు మండిపడ్డారు. 1985లో ఎరిక్ మ్యూహే పిత్తాశయం తీసి, మరుసటి ఏడాది సర్జన్ల సభలో వివరిస్తే వెక్కిరించారు. 1992లో ఆ సంఘమే ఆయన్ను సత్కరించింది. మన దేశంలో ముంబయి జేజే ఆసుపత్రి సర్జన్ తెహెంటన్ ఉద్వాడియా 1972 నుంచే పొట్టలోని జబ్బుల్ని గుర్తించడానికి దీన్ని వాడారు, 1990లో తొలి ల్యాప్రోస్కోపిక్ పిత్తాశయ ఆపరేషన్ చేశారు. క్షయ పొట్టలో చేరితే పొర నిండా ఆవగింజల్లాంటి పొక్కులు లేస్తాయి. స్కాన్‌కు అంతుబట్టని ఆ పొక్కుల్ని కెమెరా చూపిస్తుంది, పరీక్షకు ముక్క తీసి ఇస్తుంది. ఒకప్పుడు ఇరవైనాలుగ్గంటల కడుపునొప్పి అని హడలిపోయే అపెండిసైటిస్‌కు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇప్పుడు ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతున్నారు. పెద్ద కోత కోస్తే చీము పట్టే అవకాశం ఎక్కువ, ఏళ్ల తర్వాత అక్కడే హెర్నియా వచ్చే ప్రమాదమూ ఉంది. నెల రోజులు కూలికి పోలేని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అందుకే ఈ పద్ధతి డబ్బున్నవాళ్ల సోకు కాదు, రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లకే దీని అవసరం ఎక్కువ. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఇది అందుబాటులో ఉండాలన్నదే నా కోరిక కూడా.

అయితే గాటు పొడవును బట్టి ఆపరేషన్ మంచిచెడ్డలు తేల్చలేమని ఈ విద్య చరిత్రే చెబుతోంది. పిత్తాశయాన్ని కెమెరాతో తీయడం మొదలయ్యాక పైత్యరస నాళానికి గాయాలు అంతకు ముందుకన్నా పెరిగాయి. వెయ్యి ఆపరేషన్లకు మూడు నుంచి అయిదు వరకూ ఇలాంటివి నమోదయ్యాయి. లెక్కలో చిన్నదిగా కనిపించే ఈ గాయం తగిలినవాళ్లకు మళ్లీ మళ్లీ ఆపరేషన్లు, కొందరికి కాలేయమే చెడిపోవడం. దీనికి మందు కొత్త యంత్రం కాదు, ఒక క్రమశిక్షణ. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు గొట్టాలని నాలుగు వైపుల నుంచీ రూఢి అయ్యేవరకూ దేన్నీ కత్తిరించకూడదని అమెరికా సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో పెట్టిన నియమాన్ని నేటికీ సర్జన్లు పాటిస్తున్నారు. ఇక 2018లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అందరినీ కలవరపెట్టింది. తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పొట్ట కోసి ఆపరేషన్ చేసిన స్త్రీలలో నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 96.5 శాతం. చిన్న రంధ్రాలతో చేయించుకున్నవాళ్లలో 86 శాతమే. పెద్దపేగు క్యాన్సర్‌లో మాత్రం రెండు పద్ధతుల ఫలితాలూ సమానంగానే ఉన్నాయని అంతకు ముందే తేలింది. అంటే ఏ జబ్బుకు, ఎవరి చేతిలో, ఏ వసతుల మధ్య అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న అడగకుండా వదిలేసిన చోటు కుటుంబ నియంత్రణ క్యాంపు. ల్యాప్రోస్కోప్‌ను ఒకరికి వాడాక మరొకరికి వాడాలంటే రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి, శుద్ధి చేసిన నీళ్లతో కడగాలి. మూడు ల్యాప్రోస్కోప్‌లున్న ఒక సర్జన్ రోజుకు 30 మందికి మించి చేయకూడదన్న కేంద్ర ప్రభుత్వ పరిమితి కూడా ఈ లెక్క మీద వచ్చిందే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక సర్జన్ కొన్ని గంటల్లోనే 83 మందికి ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో ఆ జిల్లా క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 13 మంది చనిపోయారు. ఒకే పరికరంతో 83 మంది అంటే, నానబెట్టడానికే 27 గంటలకు పైగా కావాలి. ఆ మరణాలకు ఇన్ఫెక్షన్ కాదు, తర్వాత ఇచ్చిన మాత్రల్లో కలిసిన విషమే కారణమన్న వాదన ఉంది. అదే నిజమనుకున్నా, పరికరం శుభ్రం చేయడానికి వ్యవధే లేని వేగంతో ఆపరేషన్లు జరిగాయన్న సంగతి మారదు. అదే ఏడాది ఒడిశాలోని అంగుల్ జిల్లాలో ఒక క్యాంపులో సైకిలు పంపుతో స్త్రీల పొట్టల్లోకి గాలి కొట్టారు! కార్బన్ డయాక్సైడ్ ఎందుకో పైన రాశాను. తెలిసిన డాక్టరే అది చేయగలిగాడంటే, అక్కడ పడుకున్న ఆడమనిషిని ఆ వ్యవస్థ ఎలా చూస్తోందో వేరే చెప్పాలా? ఇదే పరికరంతో కార్పొరేట్ ఆసుపత్రిలో పిత్తాశయం తీయించుకునే మనిషికి మత్తు డాక్టరు, మానిటర్లు, రాత్రంతా నర్సు పర్యవేక్షణ ఉంటాయి. క్యాంపుకు వచ్చిన మనిషికి సాయంత్రం బండి ఎక్కించి పంపడం ఉంటుంది.

లక్షల ఆపరేషన్లలో మరణాలు చాలా అరుదు కదా అని అధికారులు అంటారు. అరుదే. కానీ అపెండిక్స్ పగిలిన రోగికి ఆపరేషన్ చేయకపోతే ప్రాణం పోతుంది, అక్కడ కొంత ప్రమాదం తప్పదు. కుటుంబ నియంత్రణకు వచ్చే స్త్రీకి ఏ జబ్బూ లేదు, పాతికేళ్ల లోపు వయసు మన దగ్గర మామూలే, ఇంట్లో చంటిపిల్ల. ఆరోగ్యంగా నడిచి వచ్చిన మనిషికి చేసే ఆపరేషన్‌కు జాగ్రత్త అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి, మన దగ్గర అన్నిటికన్నా తక్కువ ఉంది. క్యాంపులు ఆపేస్తే పల్లెల్లో ఆడవాళ్లకు ఈ సేవ అందదన్నది రెండో వాదన. ఇందులో బలముంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం స్త్రీల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మీదే ఆధారపడ్డారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, తెలంగాణలోనూ అరవై శాతం దాటింది. కానీ ఇంతమంది వాడే సేవను ఏడాది పొడవునా, వారంలో నిర్ణీత రోజుల్లో, రోజుకు కొద్దిమందికి ఏరియా ఆసుపత్రిలోనే ఇవ్వాలి గాని, ఎప్పుడో ఒక రోజు పోగేసి కానిచ్చేయడమెందుకు? మగవాళ్లకు పొట్ట జోలికే పోకుండా, కత్తి గాటు లేకుండా పది పదిహేను నిమిషాల్లో ముగిసే వేసెక్టమీ ఉంది. దాన్ని చేయించుకునేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ చాలా తక్కువ మందే. ఈ విషయంలో భార్య పొట్టకు రంధ్రం పెట్టించడమే సులువనుకునే మగవాళ్లందరికీ ఈ మరణాల్లో వాటా ఉంది.

క్యాంపుల పద్ధతిని మూడేళ్లలో ఆపేలా రాష్ట్రాలను ఒప్పించాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో కేంద్రాన్ని ఆదేశించింది. బిహార్‌లోని అరరియా జిల్లాలో ఒక బడిలో రెండు గంటల్లో 53 మందికి ఆపరేషన్లు చేసిన ఉదంతం ఆ కేసుకు మూలం. గడువు 2019లోనే తీరిపోయింది. క్యాంపులు ఏ తేదీ నుంచి ఉండవో రెండు తెలుగు ప్రభుత్వాలూ చెప్పాలి. దానికి ముందే, ఒక్కో పరికరంతో రోజుకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయో ప్రతి ఆసుపత్రీ గోడ మీద రాసి పెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రులకూ ఒక మాట. కెమెరాతో మొదలుపెట్టి, లోపల అంతా అతుక్కుపోయి కనిపిస్తే పొట్ట కోసి చేయడం ఓటమి కాదు, మంచి సర్జన్ లక్షణం. ఈ అవకాశం ఉందని సంతకం తీసుకునే ముందే రోగికి తెలుగులో వివరించాలి.

ఇక కెమెరాతో ఆపరేషన్ చేయించుకోబోయే ప్రతి ఒక్కరికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ. మీ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో, రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో ముందే అడగండి, మొహమాటపడకండి. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడం మామూలే, అది గ్యాస్ వల్ల వచ్చేది. పొట్ట నొప్పి మాత్రం రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బి వాంతులైనా పేగుకు గాయమై ఉండొచ్చు. అది రెండు మూడు రోజులు ఆగి బయటపడుతుంది. గాటు ఇంతే కదా అని ఎవరు సర్దిచెప్పినా వినకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.