వాటం లేని కాలి పాఠం

తార్నాక దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి అడుగుపెడితే ఎటు చూసినా క్రికెట్ బ్యాట్లే. ఇదే యూనివర్సిటీ జట్టుకి ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడిన ఓ బడిపంతులు, తర్వాత కోచ్‌గా మన దేశాన్ని రెండుసార్లు ఆసియా క్రీడల విజేతగా నిలబెట్టారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ ఏడాది మొదలు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ మనవాళ్లదే! ఆయన పద్ధతులూ వేరు. కుర్రాళ్లకు పోటీలు పెట్టి, వాటం లేని కాలితోనే బంతి తన్నాలనేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేని బలరాంకి, అద్దె సైకిల్ కోసం రోజూ రూపాయి ఇచ్చేవారట. ఆ బలరామే తర్వాత ఒలింపిక్స్ ఆడాడు.

1951లో ఢిల్లీలో స్వర్ణం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇక 1962 జకార్తా... అప్పటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి. కూర్చోబెట్టాల్సింది పోయి, అతన్ని ఫార్వర్డ్‌గా దింపారు రహీం! తొలి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన దక్షిణ కొరియాపై ఫైనల్లో 2-1తో గెలుపు. ఒక గోల్ పి.కె.బెనర్జీది, రెండోది జర్నైల్‌ది.

1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ బంగారం రాలేదు.